నేను పోని బడిలో నా హాజరు

నేను బడికి పోలేదని రుజువు చేసుకోమని మా యూనివర్సిటీ నాకు నెల రోజులు గడువిచ్చింది.

ఉద్యోగంలో చేరేటప్పుడు అందరూ చదివినట్టు కాగితాలు చూపిస్తారు. నేనూ చూపించాను. పదిహేనేళ్ళు పాఠాలు చెప్పి, మూడు పుస్తకాలు రాసి, ప్రొఫెసర్‌నయ్యాక చదవనట్టు కాగితం చూపించమన్నారు. ఇలాంటి నోటీసు తమ ఆఫీసు నుంచి పోవడం ఇదే మొదలని అక్కడి గుమాస్తా చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు అతని ముఖంలో కొంచెం గర్వం కూడా కనిపించింది.

మాది కొనకనమిట్ల వైపు మెట్ట ఊరు. వాన పడితే పంట, పడకపోతే వలస. మా అమ్మా నాయనా ఏటా పత్తికీ మిరప కోతలకూ గుంటూరు వైపు పోయే కూలీలు. వాళ్ళ మూటల్లో నేనొక మూటను. నాకు అక్షరాలు వచ్చింది ఇరవై నాలుగేళ్ళు దాటాక. ఆ కథంతా ఒక పుస్తకంగా రాస్తే, అందులో ఒక అధ్యాయం తీసి డిగ్రీ పిల్లలకు పాఠంగా పెట్టారు. ఆ అధ్యాయం మొదటి వాక్యం, “మా ఊరి బడికి నా పేరు తెలియదు.”

ఈ వాక్యం నాకన్నా ఎక్కువ ఊళ్ళు తిరిగింది. సభల్లో నా వెనక కట్టే ఫ్లెక్సీ మీద ఇదే ఉంటుంది. పరీక్షల్లో దీన్నే ఇచ్చి సందర్భం రాయమంటారు. గైడ్లలో జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ వాక్యానికి నేనెన్నడూ అనుకోని అర్థాలు నాలుగు ఉన్నాయని గైడు చదివే తెలుసుకున్నాను.

సభకు పిలిచేవాళ్ళకు కొన్ని కోరికలుంటాయి. నేను నూలు చీరలో రావాలి. కారు దిగితే కొంచెం చిన్నబుచ్చుకుంటారు, బస్టాండు నుంచి నడిచి వస్తే సంతోషిస్తారు. ఆకలి సంగతి భోజనాలకు ముందే చెప్పాలి, తర్వాత చెబితే జనం నిద్రపోతారు. మిరప ఘాటుకు కళ్ళు వాచిన సంగతి ఎన్నిసార్లు చెప్పానంటే, ఆ చోటికి రాగానే నా గొంతు నన్ను అడగకుండానే వణుకుతుంది. అబద్ధం కాదు, నిజమే. కాకపోతే బాగా అరిగిన నిజం.

ఈ సభలన్నింటిలో నన్ను “మట్టిమనిషి” అని పరిచయం చేసేది మా శాఖలోని ఒక సహోద్యోగి. ఆయన పరిచయం చేస్తుంటే నా కాళ్ళకు ఇంకా మట్టి ఉందేమోనని నేనే కిందికి చూసుకునేదాన్ని. శాఖాధిపతి పదవికి వరసలో నా తర్వాత ఉన్నది కూడా ఆయనే.

నా పాఠం సంగతి ఆలస్యంగా తెలుసుకున్న మా ఊరి బడి హెడ్మాస్టరు, బీరువాలోని పాత రిజిస్టర్లు దులిపాడు. ఆయన కష్టం ఆయనది. పిల్లలు తగ్గిపోయారని ఆ బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారన్న మాట వినిపిస్తోంది. అక్కడ చదివిన పెద్దవాళ్ళెవరైనా దొరికితే బడి నిలుస్తుందేమోనని ఆశ. వెతికితే నేను దొరికాను. ఒకటి నుంచి ఐదు దాకా, నాయన పేరుతో సహా. ఐదేళ్ళలో ఒక్క నాగా లేదు. వెంటనే ఫ్లెక్సీ కొట్టించి గేటుకు కట్టాడు. “మా పాఠశాల పూర్వ విద్యార్థిని. ఐదేళ్ళూ నూటికి నూరు శాతం హాజరు.” పక్కన నా ఫొటో, కింద రిజిస్టరు పేజీ. ఆ ఫ్లెక్సీ ఫొటో ఫోన్లలో తిరిగి తిరిగి చివరికి మా సహోద్యోగి ఫోన్లోకి చేరింది.

ఆయన ఎంతో బాధపడుతూ ఫిర్యాదు రాశాడు. బాధపడుతున్నట్టు అందులోనే రెండుచోట్ల రాశాడు.

నోటీసులో విషయం సూటిగానే ఉంది. బడి చదువు లేనివాళ్ళ కోసం పెట్టిన అర్హత పరీక్ష రాసి నేను దూరవిద్యలో బి.ఏ. చేరాను. ఆ దరఖాస్తులో “బడి చదువు లేదు” అని నా చేత్తోనే రాశాను. పుస్తకంలోనూ అదే రాశాను. ఇప్పుడేమో ఐదో తరగతి పాసైనట్టు ప్రభుత్వ రికార్డు ఉంది. రికార్డు నిజమైతే నా దరఖాస్తు అబద్ధం, నా పుస్తకం అబద్ధం. నెలలోగా రుజువు చూపకపోతే పాఠం తీసేస్తారు, నా డిగ్రీల మీద విచారణ వేస్తారు. ముప్పై ఏళ్ళ చదువు నిలబడాలంటే ముందు నేను చదువుకోలేదని తేలాలి.

దసరా దాటితే మా ఊళ్ళో ఇళ్ళకు తాళాలు పడేవి కావు, కంపలు పడేవి. తాళం కొనే స్తోమత ఎవరికీ లేదు, దోచుకుపోవడానికి లోపల ఏమీ లేదు. తుమ్మకంప ఒకటి తలుపుకు అడ్డంగా వేస్తే, ఈ ఇంటివాళ్ళు వలసపోయారని గుర్తు. మేకలు దూరకుండా ఉంటే చాలు. దొనకొండ స్టేషన్లో బియ్యం మూటలు, వంట సట్లు, ఒకటో రెండో కోళ్ళు, మేము. రైలు ఎక్కాక కోడిని ఎక్కడ దాచాలన్నదే మా నాయనకు పెద్ద ఆలోచన, నన్ను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది తర్వాత. ముందు పత్తి, ఆ తర్వాత మిరప. చెట్టుకు కట్టిన చీర ఊయల్లో తమ్ముణ్ణి ఊపడం నా పని. కొంచెం ఎదిగాక నేనూ కోతకు దిగాను. కాయ తుంచిన చేత్తో కళ్ళు తుడుచుకోకూడదని తెలియడానికి ఒక్క రోజు చాలు, అది గుర్తుండడానికి ఒక ఏడాది పట్టింది. ఉగాది దాటాక తిరిగి వచ్చి తలుపు కంప తీసేవాళ్ళం.

ఊళ్ళో ఉన్న ఆరు నెలలూ మేకలు కాసేదాన్ని. బడి ముందు నుంచే పోయేదాన్ని. పంతులు గారు అరుగు మీద నిలబడి నన్ను చూసేవారు, ఒక్కసారైనా లోపలికి రమ్మనలేదు. నాకు చదువు అక్కర్లేదని ఆయన అనుకుంటున్నాడని నాకు కోపం. ఆ కోపంలో నుంచే నా మొదటి వాక్యం పుట్టింది.

పెళ్ళయ్యాక మార్కాపురం వచ్చి పలకల షెడ్డులో పనికి కుదిరాను. రాయిని రేకులుగా చీల్చి, నున్నగా రుద్ది ఇస్తే, మేము చెక్క చట్రాలు బిగించేవాళ్ళం. కట్టకు ఒక పలక చొప్పున తీసి, లెక్కలు రాసే ఆవిడ బలపంతో “అ” రాసి చూసేది. రాత సరిగా పడితే కట్ట పాసు. ఆ “అ”ను తడిగుడ్డతో తుడవడం నా పని. అక్షరం నేర్చుకోకముందే నేను కొన్ని వేల అక్షరాలు చెరిపాను. ఒకరోజు చట్రం పగిలిన పలకను తుడవకుండా ఇంటికి తెచ్చుకున్నాను. మర్నాడు ఆ ఆవిడను దాని తర్వాత ఏముంటుందని అడిగాను. తర్వాత “ఆ” ఉంటుందని చెప్పింది. అక్కడి నుంచి ప్రొఫెసర్ దాకా వచ్చిన దారి పుస్తకంలో ఉంది, మళ్ళీ రాయను. దేశంలోని పిల్లలకు పలకలు చేసి పంపిన ఊళ్ళో చదువు రాని మనిషిగా నేను ఒంటరిని కానని మాత్రం చెబుతాను. మా షెడ్డు నిండా మేమే.

నోటీసు పట్టుకుని మా ఊరి బడికి పోయాను. గేటుకు నా ఫ్లెక్సీ ఉంది. ఫొటోలో నా చీర ఎవరో నీలం నుంచి పసుపుకు మార్చారు. హెడ్మాస్టరు ఎదురొచ్చి దండ వేశాడు. నేను వచ్చిన పని చెప్పాక ఆ దండను ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు.

“చదివినట్టు ఇమ్మంటే ఇప్పుడే ఇస్తా మేడం,” అన్నాడాయన. “చదవనట్టు ఇయ్యడానికి ఫారం లేదు.”

ఫారం లేకపోతే మామూలు కాగితం మీద రాయమన్నాను. రిజిస్టరు తప్పని తన చేత్తో రాస్తే, ఆనాటి నుంచి ఈనాటిదాకా అన్ని హాజర్లూ ఎవరో ఒకరు తిరగేస్తారని ఆయన భయం. ఆ గదిలో కూర్చున్న పిల్లలు తొమ్మిది మంది. గోడ మీద బోర్డులో రాసిన సంఖ్య ఇరవై ఆరు. నేను లెక్కపెట్టడం ఆయన చూశాడు.

“ఇప్పుడు రోజూ పిల్లల ఫొటో తీసి ఫోన్లో పంపాల మేడం. ఉన్నోళ్ళే పడతారు. మిగతావాళ్ళు పత్తికి పోయినారు. అందుకే బడి ఈ గతికి వచ్చినాది.”

ఆ బడి నిలబడినంత కాలం దేనిమీద నిలబడిందో నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఆయన బీరువా తెరిచి ఇంకో రిజిస్టరు తీశాడు, నన్ను ఒప్పించాలని. ప్రభుత్వం ఇచ్చిన వాచకాలు ముట్టినట్టు పిల్లలు సంతకం పెట్టిన పట్టీ అది. ఐదో తరగతి పేజీలో నా పేరుకు ఎదురుగా నా సంతకం. గుండ్రటి, పొందికైన అక్షరాలు. ఆ ఏడు నేను మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతున్నాను. ఇప్పటికీ నా రాత అంత బాగుండదు.

ఆనాటి పంతులు గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ క్లాసులో ఇంకెవరున్నారని అడిగితే హెడ్మాస్టరు నా పేరుకు పై వరసలో వేలు పెట్టాడు. మా ఊళ్ళో చిల్లర దుకాణం నడిపిన సాయిబుగారి కూతురు. నాకు గుర్తుంది. దుకాణం పిల్ల అనేవాళ్ళం. వలసపోయే ముందు ఉప్పూ చింతపండూ వాళ్ళ దగ్గరే తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు మార్కాపురంలో గాజుల దుకాణం నడుపుతోందట.

ఆ దుకాణానికి పోయేసరికి ఆమె ఎవరో కొత్త పెళ్ళికూతురి చేయి పట్టుకుని గాజులు ఎక్కిస్తోంది. నన్ను చూసి, చేయి వదలకుండానే అంది.

“రా మే. నలభై ఏండ్లకు వచ్చినావు హాజరుకు.”

ఆమె ఫ్లెక్సీ చూసింది, పుస్తకమూ చదివింది. నేను వస్తానని అనుకుంటూనే ఉందట. పెళ్ళికూతురు పోయేదాకా నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, అప్పుడు చెప్పింది. దసరా దాటాక పంతులు గారు ఒక పొద్దున వీధులన్నీ తిరిగి, ఏ తలుపులకు కంపలు పడ్డాయో చూసుకుని వచ్చేవారట. మూడొంతుల పిల్లలు పోయేవాళ్ళు. అంతమంది లేరని పైకి రాస్తే బడి ఎత్తేస్తారు. కాబట్టి ఉన్న పిల్లలకు లేనివాళ్ళను పంచేవారు. ఒక్కొక్కరికి ముగ్గురో నలుగురో. సార్ పేరు పిలిచినప్పుడు, ఎవరికి పంచిన పేరుకు వాళ్ళు “ప్రెజెంట్ సార్” అనాలి. ఉన్నది పదిమందే అయినా నిండు బడి లాగా వినబడాలి. అందుకని ఒక్కో పేరుకు ఒక్కో గొంతు పెట్టాలి. ఆమెకు వచ్చిన నలుగురిలో నేనొకదాన్ని.

“నీ గొంతు నాకు తెలీదు గదా. సన్నగా పెట్టినా. చింతపండు కొనేకాడ నువ్వు ఏమన్నా మాట్లాడితివా, మీ అమ్మ కొంగు పట్టుకొని నిలబడ్తివి.”

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మాత్రం గొంతులతో పని జరిగేది కాదట. ఆయన తల లెక్క అడిగేవాడు. లేని ఒక్కో పేరుకూ ఒక్కో సాకు చెప్పాలి.

“నువ్వు ఒంటికి పోయినావని చెప్పేదాన్ని. ఐదేండ్లు ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడల్లా నువ్వు ఒంటికే పోయినావు మే. ఆ పిల్లకు ఏమన్నా రోగమా అని ఒకసారి అడిగినాడు.”

నేను ఊళ్ళో ఉన్నప్పుడైనా ఎందుకు పిలవలేదని అడిగాను. ఎందుకు పిలుస్తాడు, రోజూ వస్తూనే ఉంటివి గదా అంది. ఎప్పుడో ఒకనాడు నేను నిజంగా వచ్చి కూర్చుంటే, నా పేరు పిలిచినప్పుడు రెండు గొంతులు లేస్తాయి. అది సారుకు చిక్కు. నా పేరున ఇచ్చిన ఎక్కాలు అప్పజెప్పనందుకు ఆమెకు రెండు బెత్తం దెబ్బలు కూడా పడ్డాయట. సారు లెక్క మరిచిపోయి కొట్టాడు, ఆమె గుర్తు చేయడానికి భయపడింది. వాచకాల పట్టీలో సంతకం ఆమెదే. నా వాచకం సారు వెనక్కి తీసుకుని మళ్ళీ ఏడుకు దాచేవాడట.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. మా తరగతిలో ఒకరి బదులు ఒకరు పలకడాన్ని పట్టుకోవడంలో నాకు పేరుంది. తల ఎత్తకుండానే గొంతు పోల్చేస్తానని పిల్లలు భయపడతారు. ఆ సెమిస్టరులోనే ఇద్దరు ఆడపిల్లలను బయట నిలబెట్టి, చదువు విలువ గురించి అరగంట చెప్పాను. ఉదాహరణగా చెప్పుకున్నది నన్నే.

నా పని సులువైపోయిందనుకుని, ఇదంతా కాగితం మీద రాసివ్వమని, కమిటీ ముందుకు వచ్చి చెప్పమని అడిగాను. ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి, అద్దాల బీరువా మీద నుంచి నా పుస్తకం తీసింది. అట్ట వేసి ఉంది. ఆ అధ్యాయం దగ్గర గాజుల పెట్టె కాగితం గుర్తు పెట్టి ఉంది.

“మా ఊరి బడికి నా పేరు తెలియదు అని రాసినావు. బాగుండాది. చదివి మా కోడలు ఏడ్చినాది. ఐదేండ్లు రోజూ నీ పేరుకు గొంతు మార్చి పలికినా గదా, నేను యాడ ఉండాను ఇందులో?”

నాకు తెలియదు కదా అన్నాను. తెలియనప్పుడు తెలియదని రాయాలి గాని బడి మీద ఎందుకు రాశావంది. నలభై ఏళ్ళుగా అక్షరాలతో బతుకుతున్న మనుషులు చాలామంది నా పుస్తకాన్ని విమర్శించారు. ఇంత సూటిగా ఎవరూ విమర్శించలేదు.

తర్వాత ఇంకో సంగతి చెప్పింది. ఐదో తరగతి చివర్లో తెలుగు పరీక్ష. ఆ ఏడు ఉగాది దాటినా మిరప అయిపోలేదు, మేము పరీక్షలకు ముందురోజు ఊళ్ళోకి దిగాం. నేను మేకల వెంట పోయాను. ఆమె ముందు తన పేపరు రాసింది, తర్వాత అదే పేపరు నా పేరున రాసింది. మొదటిసారి రాసేటప్పుడు తొందర. రెండోసారికి జవాబులన్నీ చేతికి వచ్చాయి, రాత కూడా కుదురుకుంది. సారు ఎవరిది ఎవరు రాశారో చూడకుండా మార్కులు వేశాడు. ఆయన న్యాయంగా చేసిన పని అదొక్కటే. ఆమెకు ముప్పై ఎనిమిది వచ్చాయి. నాకు నలభై రెండు.

“మా అబ్బా దుకాణంలో కూర్చోనుండాడు. సార్ వచ్చి మార్కులు చదివినాడు. సగం సంవత్సరం మిరప తోటలో ఉన్న పిల్లకే నీ కన్నా ఎక్కువ వస్తే, నీకు పొదిలి హైస్కూలు ఎందుకు అన్నాడు మా అబ్బా. అంతే.”

రెండూ నువ్వే రాశావని చెప్పలేకపోయావా అని అడిగాను.

“చెప్తే సార్ ఉద్యోగం పోతాది. సార్ పోతే బడి పోతాది. నా చదువు పోయినా, వెనకాల చెల్లెండ్లు ఇద్దరు ఉండారు గదా.”

ఇంతసేపూ నా చదువు ఏమవుతుందో అన్నదే నా బెంగ. ఆ స్టూలు మీద కూర్చుని ఇంకో లెక్క చూసుకున్నాను. మా ఇద్దరిలో అయిదో తరగతి పాసై, చదువు ఆగిపోయిన మనిషి ఒకరు. బడి గడప తొక్కకుండా, ఆమెకన్నా నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకుని, ఆమె హైస్కూలును మూయించిన మనిషి ఒకరు. ఆ రెండో మనిషే పేదరికం గురించి సభల్లో గొంతు వణికించేది.

వస్తానంది. డబ్బు మాట ఎత్తితే గాజుల కర్రతో కొడతానంది. ఒక్కటే అడిగింది. ఆ మొదటి వాక్యం తీసేయాలి.

నా పుస్తకం నిలబడాలంటే దాని పేరు మోసిన వాక్యం పడిపోవాలి. వెంటనే సరేనన్నానని రాస్తే బాగుంటుంది గాని, అనలేదు. వాక్యాన్ని ఉంచి కింద ఒక వివరణ ఇస్తే చాలదా అని బేరమాడాను. పలకలు చేసిన చోట, గాజులు అమ్మే మనిషితో, ఒక వాక్యం గురించి ఒక ప్రొఫెసర్ బేరమాడింది. ఆమె నా మాట పూర్తిగా విని, ఇంకో బేరం రాగానే లేచి గాజులు చూపించడానికి పోయింది. ఆ కస్టమరు పోయేదాకా ఆగి, తీసేస్తానని చెప్పాను.

నోటరీ దగ్గర తయారుగా ఉన్న నమూనాలన్నింటిలో “చదివినట్టు”, “ఉన్నట్టు”, “జరిగినట్టు” ఉన్నాయి. “లేనట్టు” లేదు. ఆయన చాలాసేపు ఆలోచించి, ఆమెనే సొంతంగా రాయమన్నాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా రాసింది. అవే గుండ్రటి అక్షరాలు. రాస్తున్నంతసేపూ నేను ఆ చేతినే చూశాను. నా ఎనిమిదో ఏట నుంచి నా పేరు రాసిన చెయ్యి అది.

కమిటీలో ముగ్గురున్నారు. ఆమెను కూర్చోమన్నారు. వాచకాల పట్టీ నకలూ ఆమె రాసిన కాగితమూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశారు. భూతద్దం అక్కర్లేదు, గుడ్డివాడికైనా తెలుస్తుంది, కానీ తెప్పించారు కాబట్టి చూశారు. వేరొకరి హాజరు పలకడం తప్పని తెలియదా అని పెద్దాయన అడిగాడు.

“తెలుసు సార్,” అంది. “లేదని చెప్తే బడి మూస్తారు. మూస్తే నేను యాడ చదువుకోవాల? ఆమె ఉందంటేనే నేను చదువుకునేది.”

ఆయన దాన్ని రాసుకోలేదు. కమిటీ నివేదికలో పట్టదనిపించింది కాబోలు.

వారం తర్వాత తీర్పు వచ్చింది. సదరు పాఠశాల హాజరుపట్టీలోని వివరాలు వాస్తవానికి భిన్నంగా ఉన్నాయని, సదరు ఆత్మకథలోని వివరాలు మొత్తం మీద వాస్తవానికి దగ్గరగా ఉన్నాయని తేల్చారు. అంటే ప్రభుత్వ రికార్డు కట్టుకథ, నా కథ రికార్డు. పాఠం ఉంది, ఉద్యోగం ఉంది. తర్వాత జరిగిన సభలోనే మా సహోద్యోగి నన్ను పరిచయం చేస్తూ, హాజరుపట్టీ కథ కూడా కలిపి చెప్పి జనాన్ని కంటతడి పెట్టించాడు. ఫిర్యాదు చేసిందెవరో చెప్పడం మాత్రం మర్చిపోయాడు. మా ఊరి హెడ్మాస్టరు ఫ్లెక్సీలో “పూర్వ విద్యార్థిని” మీద కాగితం అతికించి “మా ఊరి ఆడబిడ్డ” అని రాయించాడు. బడిని కలపొద్దని నన్నొక ఉత్తరం రాయమన్నాడు, రాశాను. జవాబు రాలేదు. తొమ్మిది మంది ఇంకా అక్కడే ఉన్నారు.

వాక్యం తీసేస్తానంటే ప్రచురణకర్త ఒప్పుకోలేదు. అమ్ముడుపోయేదే ఆ వాక్యమన్నాడు. చివరికి కొత్త ముద్రణలో మార్చాడు. ఇప్పుడా అధ్యాయం ఇలా మొదలవుతుంది. “మా ఊరి బడిలో నా పేరు ఐదేళ్ళు రోజూ వినిపించింది. పలికింది నేను కాదు.” డిగ్రీ వాచకంలో మాత్రం పాత వాక్యమే ఉంది. సిలబస్ మారేదాకా పిల్లలు ఆ అబద్ధానికి సందర్భం రాసి మార్కులు తెచ్చుకోవాల్సిందే. జవాబుపత్రాలు దిద్దేటప్పుడు నేనే వేస్తున్నాను.

కొత్త ముద్రణ మొదటి ప్రతి పట్టుకుని గాజుల దుకాణానికి పోయాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, ఆ అధ్యాయం చివరిదాకా చదివింది. తన గురించి రాసిన రెండు పేజీలను రెండుసార్లు చదివింది. బాగుందనో బాగాలేదనో అంటుందని స్టూలు మీద కూర్చుని ఎదురు చూశాను. పరీక్ష పేపరు దిద్దించుకునే పిల్లలాగా ఉన్నానని నాకే అనిపించింది.

“మార్కులు రాయలేదేంది?” అంది.

పంతులు గారి పరువు, వాళ్ళ అబ్బా పరువు గుర్తొచ్చి ఆ సంగతి వదిలేశానన్నాను.

“వాళ్ళిద్దరూ పోయినారు మే. ఇంక ఎవురు కొడతారు? నీకెన్నో నాకెన్నో జనానికి తెలవాల. ఆ రెండు పేపర్లూ నావేనని తెలవాల.”

పుస్తకం అచ్చయిపోయింది. మళ్ళీ ముద్రణ ఎప్పుడో చెప్పలేను. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఐదో తరగతి తెలుగులో ఆమెకు ముప్పై ఎనిమిది. నాకు నలభై రెండు. రెండూ ఆమెవే.